చెర విడిపించే వృత్తి

డీప్రోగ్రామింగ్ 1971లో కాలిఫోర్నియాలో పుట్టి, పాతికేళ్లలో కోర్టు తీర్పుల కింద నలిగిపోయిన వృత్తి. కట్టుబాట్లు మితిమీరిన మతబృందంలో చేరిపోయిన, ఈడొచ్చిన కొడుకునో కూతురినో తల్లిదండ్రుల పురమాయింపు మీద ఎత్తుకొచ్చి, ఒక గదిలో పెట్టి, నమ్మకం విరిగేదాకా రోజుల తరబడి వాదించడం అందులోని పని. చేసేవాళ్లకు ఫలానా చదువు ఉండాలన్న నియమం లేదు, లైసెన్సు లేదు. ఫీజు మాత్రం వేల డాలర్లలో ఉండేది. ఒక బృందం మనిషి మనసును ఎలా గుప్పిట్లో పెట్టుకుంటుంది, ఆ గుప్పిట్లోంచి బయటపడ్డాక కోలుకోవడం ఎలా అన్న ప్రశ్నలకు ఇవాళ వినిపించే జవాబుల్లో చాలాభాగం ఈ వృత్తి చేసిన పొరపాట్ల నుంచి నేర్చుకున్నవే.

దానికి గిరాకీ తెచ్చినవి 1960ల చివర అమెరికా వీధుల్లో కనిపించిన కొత్త బృందాలు. ఇస్కాన్‌గా తెలిసిన కృష్ణ చైతన్య సంఘాన్ని భక్తివేదాంత స్వామి 1966లో న్యూయార్క్‌లో స్థాపించారు. డేవిడ్ బెర్గ్ అనే మతప్రచారకుడు 1968లో కాలిఫోర్నియా తీరాన హంటింగ్టన్ బీచ్‌లో హిప్పీ కుర్రకారును పోగుచేసి మొదలుపెట్టిన బృందం ‘చిల్డ్రన్ ఆఫ్ గాడ్’ అయింది. సన్ మ్యుంగ్ మూన్ 1954లో కొరియాలో పెట్టిన యూనిఫికేషన్ చర్చ్ 1970ల మొదట్లో అమెరికాలో పుంజుకుంది. దాని సభ్యులను జనం ‘మూనీలు’ అన్నారు. ఈ మూడింటి సిద్ధాంతాలకూ పొంతన లేదు. కానీ ఇంట్లోవాళ్లు చూసిన మార్పు ఒకే తీరుగా ఉండేది. కాలేజీ చదువు మధ్యలో ఆగేది. ఉన్న కాస్త సొమ్మూ బృందానికి చేరేది. ఉత్తరాలు తగ్గేవి. వచ్చిన ఉత్తరంలోనూ మాటలు ఆ పిల్లవాడివిలా ఉండేవి కావు.

తెలుగునాట ఇలాంటి మార్పు చూసినవాళ్లు ‘ఎవరో మందు పెట్టారు’ అంటారు. ఆ మాటలో ఒక ఊరట ఉంది. బిడ్డ తప్పు లేదు, పెంపకంలో లోపం లేదు, విరుగుడు దొరికితే మళ్లీ మామూలు మనిషవుతాడు. అమెరికా తల్లిదండ్రులకు ఆ ఊరట ఇచ్చిన మాట ‘బ్రెయిన్‌వాష్’.

ఆ మాటను ఇంగ్లీషులో వాడుకలోకి తెచ్చింది ఎడ్వర్డ్ హంటర్ అనే పాత్రికేయుడు, 1950లో. జనం ఆలోచనలను మార్చడానికి చైనా కమ్యూనిస్టు ప్రభుత్వం నడిపిన కార్యక్రమం గురించి రాస్తూ, ‘మెదడు కడగడం’ అన్న చైనా మాటను ఉన్నదున్నట్టు అనువదించాడు. కొరియా యుద్ధం ముగిసి ఖైదీల మార్పిడి జరిగినప్పుడు 21 మంది అమెరికా సైనికులు ఇంటికి రామని చైనాకు వెళ్లిపోవడంతో అది ఇంటింటి మాటయింది. మిగతా వేలమంది ఖైదీలు మారకుండా తిరిగొచ్చారన్న సంగతిని ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాడు రాబర్ట్ జే లిఫ్టన్. ఈ మానసిక వైద్యుడు 1954-55లో హాంకాంగ్‌లో ఉండి, చైనాలో ‘ఆలోచనా సంస్కరణ’కు గురై బయటపడ్డ 40 మందితో మాట్లాడాడు. వాళ్లలో 25 మంది పాశ్చాత్యులు, 15 మంది చైనీయులు. 1961లో వచ్చిన అతని పుస్తకంలో 22వ అధ్యాయం తర్వాతి కాలంలో ఈ రంగమంతటికీ మూలగ్రంథంలా నిలిచింది. మనిషిని పూర్తిగా తనలో కలిపేసుకునే వ్యవస్థకు లిఫ్టన్ అందులో ఎనిమిది లక్షణాలు చెప్పాడు. బయటి మాట లోపలికి రాకుండా, లోపలి మాట బయటికి పోకుండా చూడడం మొదటిది. జరిగే ప్రతిదాని వెనకా ఏదో దివ్యసంకల్పం ఉందనిపించేలా సంఘటనలను అల్లడం, అందుకోలేనంత స్వచ్ఛతను కోరడం, తప్పుల ఒప్పుకోలును నిత్యకృత్యం చేయడం, సిద్ధాంతాన్ని ప్రశ్నకు అందనంత ఎత్తున పెట్టడం ఆ తర్వాతివి. బృందానికంటూ ఒక పరిభాష ఉంటుంది. సొంత అనుభవం సిద్ధాంతానికి ఎదురొస్తే అనుభవమే తప్పంటారు. చివరిది, బయటివాళ్లకు ఉనికే అనవసరం అన్నంత గట్టిగా గిరి గీయడం.

విడివిడిగా చూస్తే ఇవి ఏ మఠంలోనో, సైనిక శిబిరంలోనో, రాజకీయ పార్టీలోనో కాస్తోకూస్తో కనిపించేవే. అన్నీ ఒక్కచోట చేరితేనే ఉచ్చు బిగుస్తుంది. ఒప్పుకోలునే చూడండి. తప్పు చెప్పుకుంటే గుండె తేలికపడుతుంది, అందులో అబద్ధం లేదు. అయితే అక్కడ చెప్పిన రహస్యం అక్కడే పోగుపడుతుంది, వెళ్లిపోదామనుకున్న రోజున అదే పగ్గం అవుతుంది. పరిభాష పని ఇంకా సూక్ష్మం. మూనీల బోధనలో సందేహమంటే సైతాను చేసే దాడి. సందేహం కలిగినవాడు దాన్ని ఆలోచించి తేల్చుకోవలసిన పని లేదు, ప్రార్థించి తరిమికొట్టాలి. ఆలోచన మొదలవకముందే దానికి పేరు పెట్టి పక్కన పడేసే ఏర్పాటు ఇది. ఇందులో కాపలాదారు బయట ఉండడు, సభ్యుడే తనకు తాను కాపలా కాసుకుంటాడు.

లిఫ్టన్ పుస్తకంలో ఇంకో అంశం ఉంది. ఆ వాతావరణం నుంచి బయటపడ్డాక ఎక్కువమందిలో కొత్త నమ్మకం మెల్లగా సడలిపోయింది, పూర్తిగా మారిపోయినవాళ్లు అరుదు. మెదడును కడిగి కొత్త రాత రాయడం అంత తేలిక కాదని అర్థం. పదేళ్ల తర్వాత పుస్తకాన్ని చేతపట్టుకున్న వాళ్లలో చాలామంది ఎనిమిది లక్షణాలను తీసుకుని ఈ సంగతిని వదిలేశారు.

వృత్తిని మొదలుపెట్టిన టెడ్ ప్యాట్రిక్ మాత్రం పుస్తకాల మనిషి కాడు. 1930లో టెనెసీ రాష్ట్రం చట్టనూగాలో, వేశ్యావాటికల మధ్య పేదపేటలో పుట్టిన నల్లజాతీయుడు. చిన్నప్పుడు నత్తి. హైస్కూలు చదువు పూర్తి చేయలేదు. శాన్ డియాగోకు వలస వచ్చి, నల్లవాళ్ల సమస్యల మీద పనిచేసి, గవర్నర్ రొనాల్డ్ రీగన్ ప్రభుత్వంలో ఆ ప్రాంతానికి ప్రజాసంబంధాల ప్రతినిధి అయ్యాడు. 1971 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, మిషన్ బీచ్‌లో బాణసంచా చూడ్డానికి వెళ్లిన అతని కొడుకు ఆలస్యంగా ఇంటికొచ్చాడు. గిటార్లు వాయిస్తూ కొందరు చుట్టూ చేరారని, వాళ్ల దగ్గర్నుంచి కదలడం కష్టమైందని చెప్పాడు. వాళ్లు చిల్డ్రన్ ఆఫ్ గాడ్ వాళ్లు. అప్పటికే అలాంటి ఫిర్యాదులు ప్యాట్రిక్ ఆఫీసుకు వస్తున్నాయి. సంగతేమిటో చూద్దామని తానే చేరేవాడిలా నటించి కొద్దిరోజులు వాళ్లతో గడిపాడు. నిద్ర లేదు, ఏకాంతం లేదు, టేపుల్లో బైబిలు పాఠాలు ఆగవు. తన బుర్ర కూడా మొద్దుబారడం మొదలైందని తర్వాత చెప్పుకున్నాడు. పోలీసులు, సర్కారు ఏమీ చేయలేమన్నారు. చేరినవాళ్లు మేజర్లు, నమ్మకం నేరం కాదు. అయితే నేనే తెస్తాను అన్నాడు ప్యాట్రిక్. తల్లిదండ్రులతో కలిసి ‘ఫ్రీకాగ్’ అనే సంఘం పెట్టాడు, ఉద్యోగం వదిలేశాడు.

పని జరిగే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. వీధిలో నడుస్తున్న మనిషిని ఇద్దరు ముగ్గురు బలశాలులు కారులోకి తోస్తారు. చాలాసార్లు ఆ కారులో తండ్రో తల్లో ఉంటారు. ఒక మోటెల్ గదికో బంధువుల ఇంటికో తీసుకెళ్తారు. కిటికీలకు మేకులు కొట్టి ఉంటాయి, తలుపు దగ్గర మనిషి ఉంటాడు. అప్పటి నుంచి ప్రశ్నలు. మీ గురువు చెప్పిన ఈ మాట బైబిల్లో ఎక్కడుంది? నువ్వు వీధుల్లో తెచ్చిన డబ్బు ఎక్కడికి పోయింది? మీ అమ్మ సైతాను మనిషా? చూడు, ఆమె కళ్లలోకి చూసి చెప్పు. ఒక రోజు, రెండు రోజులు, కొన్నిసార్లు వారం. అవతలి మనిషి జపం చేస్తాడు, చెవులు మూసుకుంటాడు, అరుస్తాడు. ఒక ఘడియలో ముఖం మారిపోయి ఏడుపు పొంగుకొస్తుంది. వృత్తివాళ్ల భాషలో అది ‘విరగడం’. ఆ తర్వాత కొన్ని వారాలు ఎవరో ఒకరి పర్యవేక్షణలో ఉంచేవారు.

తలుపుకు గడియ, నిద్రలేమి, ఒకే వాదన పదేపదే, తప్పు ఒప్పుకునేదాకా విడవని ఒత్తిడి. లిఫ్టన్ జాబితా పక్కన పెట్టుకుని చూస్తే వైద్యానికీ రోగానికీ పోలిక దాచినా దాగదు. ప్యాట్రిక్ దానికి జంకలేదు. 1976లో వచ్చిన తన పుస్తకంలో అపహరణలను దాపరికం లేకుండా వర్ణించాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎత్తుకెళ్తారన్న భయం బృందాలకు కలిసొచ్చింది. ఇంటికి ఫోన్ చేయొద్దు, పండక్కి వెళ్లొద్దు, కన్నవాళ్లే కిరాయి మనుషులను పెట్టి పట్టిస్తారు అని చెప్పడానికి వాళ్లకు నిజమైన ఉదాహరణలు దొరికాయి. గది నుంచి తప్పించుకొచ్చిన సభ్యుడు లోపల వీరుడయ్యాడు.

కొందరు తల్లిదండ్రులు అపహరణకు బదులు కోర్టు దారి పట్టారు. మతి స్థిమితం తప్పిన వృద్ధుల ఆస్తిని మోసగాళ్ల నుంచి కాపాడడానికి కాలిఫోర్నియాలో ఒక సంరక్షణ చట్టం ఉండేది. దాని కింద 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో న్యాయమూర్తి ఒకరు అయిదుగురు వయోజన మూనీలను నెలరోజులు తల్లిదండ్రుల సంరక్షణలో పెట్టాడు. నమ్మకం మంచిదా చెడ్డదా అని తేల్చకుండా ఇలాంటి ఉత్తర్వు ఇవ్వడం సాధ్యం కాదని, అలా తేల్చే అధికారం కోర్టులకు లేదని పైకోర్టు అదే ఏడాది కొట్టేసింది.

ఆ ఏడాదే న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో కృష్ణ చైతన్య సంఘం నాయకుల మీద కేసు విచారణకొచ్చింది. ఇద్దరు సభ్యులను మనోనియంత్రణతో చట్టవిరుద్ధంగా నిర్బంధించారని అభియోగం. న్యాయమూర్తి దాన్ని తోసిపుచ్చుతూ, ఇది వేల ఏళ్లనాటి భారతీయ మూలాలున్న నిజమైన మతమేనని, బలప్రయోగం గానీ మోసం గానీ రుజువు కానప్పుడు భక్తిని నేరం చేయలేమని తేల్చాడు. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని ఆ సంఘం గుడిలో హారతి తీసుకుని వచ్చే తెలుగువాళ్లకు ఈ కేసే విడ్డూరంగా తోస్తుంది. గుండు, పిలక, తులసిమాల, తెల్లవారుజామున లేచి జపం ఇక్కడ వింత కాదు. క్వీన్స్‌లోని తల్లికి మాత్రం అవి కొడుకు పోయాడనడానికి గుర్తులు. కట్టడి ఎంత ఎక్కువో కొలిచేటప్పుడు కొలిచేవాడి ఊరు కూడా అందులో కలుస్తుంది.

భారతదేశంలో ఈ వృత్తి అమెరికాలోలా వేళ్లూనలేదు. ఇక్కడ ఆశ్రమంలో కలిసిపోయిన పిల్లల కోసం తల్లిదండ్రులు, మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ పట్టుకుని హైకోర్టు మెట్లెక్కుతారు. కోర్టు అడిగేది ఒకటే: నీ ఇష్టంతోనే ఉన్నావా? 2024 అక్టోబరులో కోయంబత్తూరు దగ్గరి ఆశ్రమంలో ఉంటున్న ఇద్దరు అక్కాచెల్లెళ్ల విషయంలో తండ్రి వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు అలాగే ముగించింది. ఇద్దరూ మేజర్లు, తమ ఇష్టంతోనే ఉంటున్నామన్నారు.

అమెరికాలో వృత్తి తనకు తానే చేటు తెచ్చుకుంది. ప్యాట్రిక్ మీద 1974లో డెన్వర్‌లో వచ్చిన కేసులో అసలు మతబృందమే లేదు. గ్రీకు సంప్రదాయ కుటుంబాలకు చెందిన ఇద్దరు యువతులు పెద్దల మాట కాదని వేరే ఇంట్లో ఉంటున్నారు, అంతే. అక్రమ నిర్బంధం కింద అతనికి శిక్ష పడింది. 1980లో శాన్ డియాగోలో అపహరణ కేసులో మరో ఏడాది జైలు శిక్ష. 1981లో ఒహాయోలోని సిన్సినాటిలో ఒక యువతి మరో స్త్రీతో కలిసి ఉంటోందని తల్లిదండ్రులు డబ్బిచ్చి ఆమెను ఎత్తుకుపోయేలా చేశారు. చెర విడిపిస్తామని బయలుదేరిన మనుషులు, కన్నవాళ్లకు నచ్చని బతుకు ఏదైనా చెరే అనే చోటికి చేరారు. ‘మందు పెట్టారు’ అన్న మాటకు ఉన్న ప్రమాదమే ఇది. ఎదుటివాడి ఇష్టం అతనిది కాదని ఒకసారి ఒప్పుకుంటే, ఏ ఇష్టాన్నయినా అలా కొట్టేయవచ్చు.

అయినా తల్లిదండ్రులను తప్పుపట్టలేని సంఘటన ఒకటి ఈలోగా జరిగింది. 1978 నవంబరు 18న గయానా అడవిలో ఒక అమెరికా మతబృందం స్థావరమైన జోన్స్‌టౌన్‌లోను, ఆ చుట్టుపక్కల, రాజధాని జార్జ్‌టౌన్‌లోను కలిపి 918 మంది చనిపోయారు. ఎక్కువమంది సయనైడ్ కలిపిన పానీయంతో పోయారు, వాళ్లలో చిన్నపిల్లలు వందల సంఖ్యలో ఉన్నారు. వాళ్ల బంధువులు అంతకుముందు ఏడాదికి పైగా అధికారులకు మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత ఏ తల్లి ఎదుటా ‘మీ అబ్బాయి మేజరు’ అన్న జవాబు నిలబడలేదు. న్యూయార్క్ శాసనసభ 1980లో, 1981లో వయోజనులను తల్లిదండ్రుల సంరక్షణకు అప్పగించే బిల్లులు ఆమోదించింది. గవర్నర్ హ్యూ కేరీ రెండుసార్లూ వీటో చేశాడు.

కోలుకోవడం గురించి మొదటి గట్టి పరిశీలన ఆ రోజుల్లోనే వచ్చింది. మార్గరెట్ సింగర్ అనే మనస్తత్వవేత్త, 1950లలో కొరియా నుంచి తిరిగొచ్చిన యుద్ధఖైదీలతో పనిచేసిన మనిషి, బర్క్‌లీలో బృందాలు వదిలి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడుకునే సమావేశాలు నడిపింది. వంద మందికి పైగా అనుభవాల మీద ఆధారపడి 1979లో ఒక వ్యాసం రాసింది. డీప్రోగ్రామర్లు ‘విరగడం’తో పని ముగిసిందనుకున్నారు. అసలు పని అక్కడే మొదలవుతుందని ఆ వ్యాసం చూపించింది. జీవితం మళ్లీ గాడిన పడడానికి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర పడుతుందని ఆమె అంచనా.

బయటికొచ్చినవాళ్ల మొదటి ఇబ్బంది ఏ పురాణంలోనూ లేనిది: నిర్ణయాలు. ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, ఎవరితో మాట్లాడాలి, ఎవరిని పెళ్లాడాలి అన్నీ బృందం చెప్పింది. ఇప్పుడు ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం కూడా భయపెడుతుంది. రెండోది తేలిపోవడం. ఏళ్ల తరబడి జపం, ధ్యానం, ఒకే వాక్యం వల్లెవేత అలవాటైన మనసు, ఎక్కడో ఒక పాట ముక్కో పాత పరిభాషలోని మాటో తగలగానే వెనక్కి జారుతుంది. కాసేపు బృందంలోనే ఉన్నట్టు, వదిలి రావడం మహాపాపం చేసినట్టు ఉంటుంది. పిచ్చి పడుతోందేమోనని బెదిరిపోతారు. ఇది చాలామందికి జరుగుతుందని, వచ్చినట్టే పోతుందని పక్కవాడు చెప్పడమే సగం మందు.

ఇంట్లో ఇంకో నరకం. కొడుకు కిటికీలోంచి చూస్తూ నిలబడితే తల్లి గుండె జారుతుంది, మళ్లీ వెళ్లిపోతాడేమోనని. ప్రతి చూపునూ, ప్రతి మౌనాన్నీ లెక్కపెడతారు. గాజుతొట్టిలో చేపలా ఉందని వాళ్లు చెప్పుకున్నారు. చుట్టాలు, పాత స్నేహితులు అడిగే ప్రశ్న ‘నీలాంటివాడు అందులో ఎలా పడ్డావు?’ దానికి జవాబు వాళ్లకే తెలియదు. వీటికి తోడు అపరాధభావం. చర్చి పేరు దాచి చందాలు అడిగినందుకు, తమ మాట నమ్మి చేరిన స్నేహితులు ఇంకా లోపలే ఉన్నందుకు. భయం ఎలాగూ ఉంది. వదిలిపోయినవాడికి రోగం వస్తుంది, వంశం నాశనమవుతుంది అని విన్న మాటలు నమ్మకం పోయాక కూడా ఒంట్లో మిగులుతాయి.

ఎక్కువగా బాధించేది మాత్రం ఒక లోటు అని సింగర్ రాసిన తీరును బట్టి తెలుస్తుంది. లోకాన్ని రక్షించే పనిలో ఉన్నామన్న నమ్మకంతో తెల్లవారేది. ఇప్పుడు దుకాణంలో గుమాస్తాగిరీ, ఉద్యోగ దరఖాస్తులో నాలుగేళ్ల ఖాళీ. అన్నాచెల్లెళ్లలా కలిసి బతికినవాళ్లు ఎదురుపడినా ముఖం తిప్పుకుంటారు. తెలుగు పల్లెల్లో వెలివేయడం ఎరిగినవాళ్లకు ఈ బాధ విడమర్చి చెప్పనక్కరలేదు. ఆ స్నేహాలు, పాటలు, త్యాగం అన్నీ బూటకమని కొట్టేస్తే కోలుకోవడం కుదరలేదు. అందులో నిజమైనదేదో తనదేనని గుర్తించి వెంట తెచ్చుకున్నవాళ్లు తొందరగా నిలదొక్కుకున్నారు.

సింగర్ సమావేశాల్లో ఉన్నంత నిదానం కోర్టుల్లో ఆమె చెప్పిన సాక్ష్యంలో లేదు. అక్కడ ఆమె వాదన మనోనియంత్రణ దాదాపు తిరుగులేనిదనే వైపు మొగ్గింది. సమాజశాస్త్రవేత్తలు లెక్కలతో అడ్డం తిరిగారు. బ్రిటన్‌లో ఐలీన్ బార్కర్ 1984లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1979లో లండన్ ప్రాంతంలో మూనీల రెండు రోజుల శిబిరాలకు వెళ్లిన వెయ్యిమందిలో పదింట తొమ్మిది వంతుల మంది చేరనే లేదు. రెండేళ్ల తర్వాత మిగిలింది నూటికి అయిదుగురి లోపే. మెదడు కడిగే యంత్రమే అయితే అంత నాసిరకం యంత్రం ఉండదు. స్టూవర్ట్ రైట్ తమంతట తామే బయటికొచ్చిన 45 మందిని అడిగితే, తమను బ్రెయిన్‌వాష్ చేశారన్నవాళ్లు పదోవంతు కూడా లేరు. ఆ అనుభవంతో తెలివి వచ్చిందన్నవాళ్లే ఎక్కువ. లూయిస్, బ్రామ్లీ అనే ఇద్దరు 1987లో ప్రచురించిన సర్వే ఇంకా పదునైనది. పీడకలలు, తేలిపోవడం వంటివి ఎక్కువగా కనిపించింది బలవంతంగా డీప్రోగ్రామ్ చేసినవాళ్లలో. బృందం చేసిన గాయం ఎంత, గది చేసిన గాయం ఎంత అన్నది అప్పటి నుంచి తప్పించుకోలేని ప్రశ్న అయింది.

1987లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, సింగర్ అధ్యక్షతన తయారైన నివేదికను శాస్త్రీయమైన పట్టు చాలదని వెనక్కి పంపింది. 1990లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు ఒకటి ఆమె సాక్ష్యాన్ని అనుమతించలేదు. రెండు పక్షాలూ దీన్ని గెలుపోటముల లెక్కన చూశాయి. కానీ 1988లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు పట్టుకున్న కొస అంతకంటే గట్టిది. తమను విందుకు పిలిచి, శిబిరానికి తీసుకెళ్లి, అది మూన్ చర్చి అన్న సంగతి దాచిపెట్టారని ఇద్దరు మాజీ సభ్యులు దావా వేశారు. నమ్మకం జోలికి పోనక్కరలేదు, పేరు దాచి చేర్చుకోవడం మోసమేనా అని విచారించవచ్చు అంది కోర్టు. మెదడు లోపలికి తొంగిచూడకుండా చేతలను పట్టుకునే దారి అది.

వృత్తి లోపలివాళ్లు కూడా మారారు. స్టీవెన్ హసన్ కాలేజీ రోజుల్లో మూనీలలో చేరి, 1976లో నిద్ర చాలక వ్యాను నడుపుతూ ప్రమాదానికి గురై, ఆ తర్వాత తల్లిదండ్రులు పెట్టిన డీప్రోగ్రామర్ల చేతుల మీదుగా బయటపడ్డాడు. కొన్నాళ్లు తానూ ఆ పని చేసి, బలవంతం వదిలేసి, 1988లో పుస్తకం రాశాడు. దీనికి ‘ఎగ్జిట్ కౌన్సెలింగ్’ అని పేరొచ్చింది. దీని మొదటి నియమం, తలుపు తెరిచే ఉంటుంది. లేచి వెళ్లిపోవచ్చు. కుటుంబాన్ని ముందే కొన్ని వారాలు సిద్ధం చేస్తారు, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో మాట్లాడుకోవడమే ఆగిపోయి ఉంటుంది. అదే బృందంలో ఉండి వచ్చిన మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. చాలాసార్లు లిఫ్టన్ 22వ అధ్యాయాన్ని చదవమని చేతికిస్తారు. అందులో ఉన్నది చైనా సంగతి. తన బృందం పేరు ఎవరూ ఎత్తకుండానే సభ్యుడు పేజీ మధ్యలో ఆగిపోతాడు. డీప్రోగ్రామర్ గొంతు చించుకుని చెప్పించాలని చూసినది ఇక్కడ చదువరి తనంతట తానే అనుకుంటాడు. ఒప్పుకోకుండా లేచిపోయేవాళ్లూ ఉన్నారు, వాళ్లను పోనిచ్చారు.

కోలుకోవడానికి ప్రత్యేకంగా చోటు కూడా ఏర్పడింది. పాల్ మార్టిన్ అనే మనస్తత్వవేత్త, తానూ ఒక క్రైస్తవ బృందాన్ని వదిలి వచ్చినవాడు, 1986లో ఒహాయోలోని ఆల్బనీలో వెల్‌స్ప్రింగ్ అనే నివాసకేంద్రం పెట్టాడు. రెండు వారాలు అక్కడే ఉండి మాట్లాడుకోవడం, కట్టడి ఎలా పనిచేసిందో పాఠంలా తెలుసుకోవడం, మిగతా వేళ మామూలుగా బతకడం.

పాత పద్ధతికి చివరి దెబ్బ వాషింగ్టన్ రాష్ట్రంలో తగిలింది. 1991లో 18 ఏళ్ల కుర్రవాడిని తల్లి కోరిక మీద పెంటెకోస్తు చర్చి నుంచి ఎత్తుకెళ్లి, సముద్రం ఒడ్డున ఒక ఇంట్లో అయిదు రోజులు ఉంచారు. మారినట్టు నటించి, రెస్టారెంటుకు తీసుకెళ్లినప్పుడు పారిపోయి పోలీసులకు చెప్పాడు. 1995లో జ్యూరీ దాదాపు 50 లక్షల డాలర్ల పరిహారం విధించింది. డీప్రోగ్రామర్ల సమాచారం తల్లికి అందింది, ఫ్రీకాగ్‌కు వారసురాలిగా వచ్చిన ‘కల్ట్ అవేర్‌నెస్ నెట్‌వర్క్’ ద్వారా. ఆ సంస్థ 1996లో దివాలా తీసింది. దాని పేరు, చిహ్నం, ఫోన్ నంబరు వేలంలో, ఆ సంస్థ విమర్శిస్తూ వచ్చిన బృందాల్లో ఒకటైన సైంటాలజీ చర్చి సభ్యుడు, ఒక న్యాయవాది, కొన్నాడు. పిల్లల కోసం భయపడి ఆ నంబరుకు ఫోన్ చేసిన తల్లిదండ్రులకు ఆ తర్వాత అవతలి గొంతు వేరేవాళ్లది.

బలవంతం పోయాక సిద్ధాంతం కూడా మెత్తబడింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వామపక్ష బృందంలో పదేళ్లు ఉండి వచ్చిన జాన్యా లాలిచ్ తర్వాత సమాజశాస్త్రవేత్త అయి, 2004లో ‘గిరి గీసిన ఎంపిక’ అన్న భావన ముందుకు తెచ్చింది. సభ్యుడు ఆలోచిస్తాడు, ఎంచుకుంటాడు, కానీ బృందం గీసిన గిరిలోపలే. ఆమె ఎత్తిచూపిన బృందాల్లో ఒకదానికి దేవుడే లేడు, మార్క్స్ ఉన్నాడు. మతమా కాదా అన్నది కట్టడికి ముఖ్యం కాదని దానితో తేలింది.

ఈ చర్చ అంతా సాగుతుండగా ఎవరూ సరిగా గమనించని ఒక తరం పెద్దదైంది. మూనీలలో చేరకముందు హసన్ వేరే మనిషి. ఆ పాత మనిషిని గుర్తుచేసి వెనక్కి పిలవడమే డీప్రోగ్రామింగ్‌కైనా కౌన్సెలింగ్‌కైనా ఆధారం. లోపలే పుట్టినవాళ్లకు వెనక్కి వెళ్లడానికి అలాంటి మనిషి లేడు. బయట ఇల్లు లేదు, ఎదురుచూసే తల్లి బయట లేదు, ఆమె లోపలే ఉంది. చిల్డ్రన్ ఆఫ్ గాడ్‌లో పెరిగి బయటికొచ్చిన వాళ్లకు మామూలు బడి చదువే సరిగా లేదు. కృష్ణ చైతన్య సంఘం గురుకులాల్లో 1970, 80లలో పిల్లల మీద శారీరక, లైంగిక హింస జరిగిందని 1998లో ఆ సంఘం సొంత పత్రికే అధ్యయనం ప్రచురించింది. క్వీన్స్ న్యాయమూర్తి తీర్పు సరైనదే. అది మతమే. కానీ పిల్లలు తమ ఇష్టంతో ఉన్నారా అని అడగడానికి ఆ తీర్పులో చోటే లేదు, ఎందుకంటే ఆ కేసులో ఉన్నవాళ్లు పెద్దవాళ్లు.

జపాన్‌లో ఈ రెండు కథలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అమెరికాలో ఆగిపోయిన నిర్బంధ పద్ధతి అక్కడ కొనసాగింది. ఒక మూనీ సభ్యుడిని కుటుంబం 1995 నుంచి 2008 దాకా, 12 ఏళ్లకు పైగా, ఫ్లాట్లలో బంధించి ఉంచింది. కుటుంబ సభ్యులు, సహకరించినవాళ్లు పరిహారం చెల్లించాలన్న తీర్పును 2015లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2022 జులై 8న మాజీ ప్రధాని షింజో అబేను కాల్చి చంపిన వ్యక్తి తల్లి అదే చర్చికి సుమారు 10 కోట్ల యెన్లు ఇచ్చి కుటుంబాన్ని దివాలా తీయించింది. హత్య తర్వాత ‘రెండో తరం’ అన్న పేరుతో అలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లు బయటికొచ్చి మాట్లాడారు. ఆ డిసెంబరులో పార్లమెంటు, భయపెట్టి, మభ్యపెట్టి విరాళాలు గుంజడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అదే నెలలో ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు, నరకానికి పోతావని బెదిరించి పిల్లలను మతకార్యక్రమాలకు బలవంతంగా తీసుకెళ్లడాన్ని పిల్లల మీద హింసగా లెక్కగట్టాయి. యూనిఫికేషన్ చర్చ్‌ను రద్దు చేయాలని టోక్యో జిల్లా కోర్టు 2025 మార్చి 25న ఆదేశించింది. సిద్ధాంతం జోలికి పోలేదు, దశాబ్దాలుగా సాగిన విరాళాల వసూళ్లనే ఆధారంగా తీసుకుంది.